బోనమనుకొని పోయిన ఆట

అన్న తిమ్మన్నకు, చెల్లె ఈరమ్మ జపాన్ దేశంకెల్లి రాస్తున్నది.

ఈడ నేను, పద్మ, అల్లుడు, పసిపాప అందరం తిని తిరుగుతున్నం. ఆడ నువ్వు, ఒదినె, లావణ్య, గొడ్డు గోదా అందరు మంచిగున్నరని అనుకుంటున్న. ఉత్తరమంటే ముందుగాల గిది రాయాలె గనక రాసిన. నీ మంచి అడిగే మనసైతే నాకిప్పుడు లేదు. నీ మీద గుస్స తలకాయ దాంక ఉంది. మోకాళ్లకు నూనె రుద్దుకుంటున్నవా లేదా, అది మాత్రం చెప్పు. గుస్స ఉన్నా మోకాళ్లు మోకాళ్లే.

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది అంటవు. ఫోన్ల నేను మంజుల పేరెత్తంగనే "సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు" అని కట్ చేస్తవు. యాపలదిన్నిల సిగ్నల్ నాకు తెల్వదా? మనింటి అరుగు మీద కూసుంటే నాలుగు గీతలు ఒస్తయి. కాయిదానికి సిగ్నల్ ఒద్దు. అందుకని పద్మ నోటుబుక్కులకెల్లి కాయిదాలు చింపుకొని, పాప పండుకున్నప్పుడల్ల ఇన్నిన్ని రాస్తున్న. నేను సదివింది కన్నడ బడిల నాలుగు. తెలుగక్షరాలు నాయిన నేర్పిండు. రెండింటి తలకట్లు కలిసిపోతయి నాకు. సర్దుకొని సదువుకో. లావణ్యతోని సదివిపియ్యకు. నువ్వే సదువు. మెల్లగ సదువు.

నేను ఈడికొచ్చేటప్పుడు నీ కాళ్లు మొక్కలే. రాయచూరు స్టేషన్ల నువ్వు సంచి అందిస్తే మొగం తిప్పుకొని రైలెక్కిన. ఎందుకో నీకు మాలూమే. మాన్వికెల్లి లావణ్యను సూసేటందుకు పెళ్లోళ్లు ఒస్తున్నరని నడింటి గోడ మీది నా సిన్నబిడ్డ మంజుల ఫోటో తీసినవు. నేను దేవులాడి దేవులాడి పత్తి గోనెల సందుల దొరకబట్టి మల్ల మొలకు తగిలిచ్చిన. నువ్వు మల్ల తీసినవు. తీసుడు ఒక తీరు, తీసి నువ్వన్న మాట ఇంకొక తీరు.

"పెళ్లిగాని పిల్ల, ఈరమ్మా. పెద్దలల్ల కలవదు. అమ్మ నాయిన పక్కకు తగిలియ్యరాదు. రేపు పెత్తరమాసకు గూడ పేరు పిలువరు."

గిట్లన్నవు. మజ్జిగ తాగుకుంట అన్నవు. ఒదినె పక్కన నిలబడి, "ఇంట్ల ఎదిగిన పిల్ల ఉంది, గా పిల్ల నీడ పడొద్దు" అన్నది. నీడ! ఆ పిల్ల ఒదినె చేతుల పెరిగింది. ఒదినె తల దువ్వింది, ఒదినె పుంటికూర కలిపి తినిపిచ్చింది. సచ్చినంక నీడైంది.

సరే. ఈడి సంగతులు చెప్త. అవి చెప్పకుంటే నా గుస్స నీకు సగమే తెలుస్తది.

ఈ ఊరు శాన సిన్నది. పేరు నాకు నోరు తిరగదు. సుట్టు వరి. సింధనూరు దిక్కు కాలువ కింద మళ్లు ఎట్లుంటయో గట్లనే ఉంటయి, గాని మళ్లల్ల మనుషులే కనిపియ్యరు. అల్లుడు బండ్ల సామాన్లు చేసే ఫ్యాక్టరీకి పోతడు. పద్మ ముసలోళ్లను సూసుకునే ఆశ్రమంల చేస్తది. పరాయి ముసలోళ్లకు నీళ్లు పోస్తది, గోర్లు తీస్తది, బువ్వ పెడ్తది. నేను పాపను పట్టుకుంట. పాపకు కింద రెండు పండ్లొచ్చినయి, నా గాజులు కొరుకుతది. నాకు మూడు నెల్లకు పర్మిషనిచ్చిన్రు. ఆశ్వీజంల ఒస్త. అంటే పెద్దలకు పెట్టే పెత్తరమాసకు నేను ఉండ. ఇది యాది పెట్టుకో, ఉత్తరమంతా దీని గురించే.

ఎండ మన రాయచూరు ఎండ కాదు. మన ఎండ మొగం మీద కొడ్తది, ఈ ఎండ మెత్తగ ఒచ్చి మెడ పిసుకుతది. ఒళ్లంత జిడ్డు. చెట్ల మీద కీచురాళ్లు పొద్దుగాలకెల్లి ఒకటే ఒర్లుడు. అన్నం అంటుకపోతది, ముద్దకు ముద్ద. మాట్లాడేటందుకు ఎవరు లేరు. పద్మ ఒచ్చేసరికి అలిసిపోయి ఉంటది. అల్లుడు మంచోడే గాని అత్తతోని ఏం మాట్లాడ్తడు, "తిన్నవా అత్తా" అంటడు, "తిన్న" అంట, అయిపోతది. ఒదినె కట్టిచ్చిన తొక్కు అయిపోయింది. మంచిగుండె. గుస్సలున్నా ఉన్నమాట చెప్పాలె.

పక్కింట్ల ఒక అజ్జి ఉంది. ఎనభై ఉంటయి. పేరు ఫుమి. నడుము వంగిపోయింది గాని తోటంతా ఆమెనే చేస్తది. ఒచ్చిన కొత్తల నేను తెల్లారుజామున జొన్నరొట్టె తట్టిన. మూడో దినం ఒచ్చి వాకిట్ల నిలబడి, నడుము ఇంకింత వంచి, నవ్వుకుంట తన చెవి సూపిచ్చింది. పద్మ లోపలికొచ్చి, "అమ్మా, రొట్టె సప్పుడుకు ఆమెకు నిద్ర పడ్తలేదంట, జర పొద్దెక్కినంక తట్టు" అన్నది.

"తిడితే కొట్టినట్టు తిట్టాలె గద. నవ్వుడేంది?" అన్న నేను.

"గిదే తిట్టుడమ్మా ఈడ" అన్నది పద్మ.

నవ్వుకుంట నా రొట్టె బందు చేపిచ్చింది. ఆ దినంకెల్లి నేనామెను సూస్తే మొగం తిప్పుకున్న. నాకు ఈ మధ్యల మొగం తిప్పుడు మంచిగ అలవాటైంది.

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల పాపను ఎత్తుకొని బయటికొస్తే, ఆ అజ్జి గడప ముందల ఒక దోసకాయ, ఒక వంకాయ పెట్టి ఉన్నయి. రెండింటికీ నాలుగు నాలుగు పుల్లలు గుచ్చి ఉన్నయి. రొట్టె కోపానికి చేతబడి చేసింది అనుకున్న. అన్నా, నువ్వున్నా గదే అనుకుందువు. కాయలకు పుల్లలు గుచ్చి గడపల పెడితే మనూర్ల ఏందంటరు? పాపను లోపల పండబెట్టి, ఉప్పు, ఎండుమిర్పకాయలు తీసి మూడు సుట్లు తిప్పి పొయ్యి మీద ఏసిన. ఇల్లంత పొగ. పొగకు గోడమీది మిషను కూయబట్టింది. అల్లుడు నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నోడు లుంగీ తోని బయటికి ఉరికిండు. ఆ అజ్జే మొదలు ఉరికొచ్చింది, బక్కెట్ నీళ్లు పట్టుకొని. నా మీద చేతబడి చేసినామె నా ఇంటి నిప్పు ఆర్పేటందుకు ఎందుకు ఉరికొచ్చిందో నాకు అప్పుడు తట్టలే.

మాపటికి పద్మ ఒచ్చి అంతా విని కడుపు పట్టుకొని నవ్వింది. మంజుల పోయినంక పద్మ నవ్వుడు నేను అప్పుడే సూసిన. నవ్వినందుకు నాకు గుస్సొచ్చింది.

"చేతబడి కాదే అమ్మా. ఈడ బోన్ పండుగ ఒచ్చింది. దాని కోసం పెడ్తరు. శనివారం బడి గ్రౌండుల ఆట ఉంది, మనం గూడ పోదాం" అన్నది.

నాకు వినిపించింది బోనం.

నువ్వే చెప్పు, నాకు ఇంకేం వినిపిస్తది? నలభై ఏండ్లు ఎల్లమ్మకు బోనమెత్తిన తలకాయ ఇది. "ఏందే, ఈళ్లు గూడ బోనం ఎత్తుతరా?" అంటే, పద్మ పాపకు బట్టలు మారుస్తుండె, "ఆఁ ఆఁ, బోనే" అన్నది. "ఏడాది తిరగలే గదనే, సావైన ఇల్లు, ఎత్తొచ్చునా?" అంటే, "ఈడ అట్లేం లేదమ్మా, సావైనోళ్లే ముందల పోవాలె" అన్నది.

అన్నా, ఆ మాటకు నా ఒళ్లంత లేచి నిలబడ్డది. ఊర్ల నన్ను ఎల్లమ్మ గుడి మెట్టెక్కనియ్యలే. సూతకం అన్నరు. ఒదినె చెయ్యి అడ్డం పెట్టింది. తొమ్మిది దినాల జ్వరంల ఇరవై ఏండ్ల పిల్లను తీసుకపోయిన ఆ అమ్మను మొగం మీద అడిగేది ఉండె నాకు. ఎందుకు తీసుకపోయినవే, నా తాన ఏం తక్కువ తిన్నవే అని అడిగేది ఉండె. గడప కాడనే ఆపిన్రు. ఈడ ఈళ్ల అమ్మ ఎవరో గాని, సావైనోళ్లను ముందల రమ్మంటుందంటే, సరే, ఈ అమ్మనే అడుగుత అనుకున్న. మొక్కేటందుకు కాదు, కొట్లాడేటందుకే బోనం చేసిన.

శనివారం పద్మ, అల్లుడు ఇద్దరు డ్యూటీ. పాపను ఉయ్యాల్ల ఏసి ఒక్కదాన్నే చేసిన. మట్టికుండ లేదు, ఇత్తడి గిన్నె కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన. బెల్లమేసి అన్నం ఒండిన. వేపాకు యాడ దొరుకుతది? పార్కుల తురకవేప చెట్టు ఒకటి ఉంది, సూస్తే వేపే అంటవు. రెండు రెమ్మలు తెంపి గిన్నెకు కట్టిన. మీద మూకుడు పెట్టి, దీపం పెట్టి, తల మీదెత్తిన. పద్మ డ్యూటీకెల్లి ఒచ్చి తలుపు తీసి నన్ను సూసి అట్లనే నిలబడ్డది.

"అమ్మా, ఇదేంది?"

"నువ్వే గదనే పోదామన్నవు. దా. పాపను ఎత్తుకో."

ఏమో చెప్పబోయింది, చెప్పలే. చెప్తే నేను రానని తెలుసు దానికి. పాపను ఎత్తుకొని నా ఎనక నడిసింది. పొద్దు ఇంకా గూకలే. తొవ్వల జనం నిలబడి సూస్తున్రు. ఒకరిద్దరు నడుము వంచిన్రు. నాకు కాదు, దీపానికి అనుకుంట. చౌరస్త కాడ ఎర్రలైటు కట్టె పట్టుకున్న ఒక ముసలాయన కార్లన్ని ఆపి నన్ను దాటిచ్చిండు. మనూర్ల బోనాలప్పుడు ట్రాక్టర్లు గూడ ఆగవు. గ్రౌండు గేటు కాడికి రాంగనే మాత్రం ఇంకొకాయన ఉరికొచ్చి వంగి వంగి ఏమో చెప్పిండు. పద్మ నా తల మీది దీపం ఉఫ్ అని ఊదింది.

"దీపం ఊదుతవానే? నీకు శరం లేదా?"

"లోపలికి నిప్పు తేవొద్దంటున్నడమ్మా!"

"నిప్పు లేకుంటే అమ్మ ఎట్ల ఒస్తది?"

ఆడనే కొట్లాట పెట్టుకున్నం తల్లిబిడ్డలం. జనం సూడనట్టే సూస్తున్రు. నేను విడిసిపెట్టి లోపలికి పోయిన. నడిమిట్ల కట్టెల మంచె ఒకటి కట్టిన్రు, ఎర్రబట్ట, తెల్లబట్ట సుట్టిన్రు. అదే గుడి అనుకొని నేరుగ పోయిన. మీద సూస్తే ఒక పెద్ద డోలు, డోలు కొట్టే మనిషి. గంతే. సుట్టు దీపాల బుడ్డీలు ఏలాడుతున్నయి. పిల్లలు రంగు రంగుల మంచు తింటున్రు. నవ్వుడు, ఫోటోలు తీసుకునుడు, పొయ్యి మీద ఏందో వేపుడు.

"అమ్మ ఏది?" అన్న.

అప్పుడు చెప్పింది పద్మ. బోనం కాదు, బోన్. అమ్మ పండుగ కాదు, సచ్చినోళ్ల పండుగ. ఏడాదికొకసారి సచ్చినోళ్లు ఇండ్లకొస్తరంట, మూడు దినాలుంటరంట. వాళ్లు ఒచ్చినందుకు అందరు కలిసి ఆడ్తరంట. దోసకాయ గుర్రమంట, జల్ది రావాలని. వంకాయ ఆవంట, పోయేటప్పుడు మెల్లగ పోవాలని. "మంజి పోయి ఏడాది కాలేదు గద అమ్మా. మొదటి ఏడు వాళ్లకు ఈడ శాన ముఖ్యం. నీకు ముందే చెప్తే రావని చెప్పలే" అన్నది.

బోనం దించి మన్నుల పెట్టిన. అన్నా, ఆ మందిల నేను నా కూతురిని నోటికొచ్చినట్టు తిట్టిన. సావుకు ఆడ్తరా? సచ్చినోళ్లు ఒచ్చిన్రని మంచు తింటరా? నా పిల్లను మన్నుల పెట్టి పది నెల్లు కాలే, నువ్వు నన్ను ఆటకు తెచ్చినవా? అది రాలే సావుకు, ఫోన్ల సూసింది, అందుకని దానికి సావంటే ఆటైంది అన్న. అనరాని మాట అన్న. పద్మ పాపను గుండెకు పట్టుకొని, "నాకు గూడ చెల్లె పోయిందమ్మా" అన్నది. ఒక్కటే మాట. అయినా నా గుస్స దిగలే. యాడ పెట్టాలెనో తెల్వని గుస్స.

గప్పుడొచ్చింది ఆ ఫుమి అజ్జి. నీలిరంగు బట్ట కట్టుకుంది, నడుముకు ఎడల్పు పట్టి. నన్ను సూసి వంగింది. వంగితే ఆమె వీపు కనపడ్డది. పట్టికి ఎనక, పసిపిల్లను కట్టుకున్నట్టు, ఒక ఫోటో కట్టుకుంది. తెలుపు నలుపు ఫోటో. బడి బట్టల్ల ఒక ఆడపిల్ల, రెండు జడలు.

"ఎవరామె?" అని పద్మను అడగమన్న.

ఆమె బిడ్డంట. పదిహేడేండ్లప్పుడు పోయిందంట. పోయి నలభై ఏండ్ల మీద అయిందంట. ఈ ఊర్ల కొందరు ముసలోళ్లు గట్లనే ఫోటో వీపుకు కట్టుకొని ఆడ్తరంట. పోయినోళ్లకు కాళ్లుండవు గద, మన కాళ్లతోని ఆడ్తరంట.

అన్నా, నాకు నీ మాటే చెవుల మోగుతుంది. నేను పద్మతోని అన్న, "అడగవే. పదిహేడేండ్ల పిల్ల, పెళ్లి కాలే గద. ఆమెను గూడ పిలుస్తరా, పెద్దలల్ల కలుపుతరా, అడుగు."

పద్మ అడిగింది. అజ్జి చెవి దగ్గర చెయ్యి పెట్టింది, మల్ల అడగమన్నది. పద్మ మల్ల అడిగింది. అజ్జి పద్మను సూసింది, నన్ను సూసింది, ఏమో అన్నది.

"ఏమంటుందే?"

"నీ మాట ఆమెకు అర్థమైతలేదంట అమ్మా. పెళ్లికి, ఇంటికొచ్చుడికి ఏం సంబంధమని అడుగుతుంది. బిడ్డ తల్లి ఇంటికి రాకుంటే ఎవరింటికి పోతది అంటుంది."

ఆమె నన్ను ఎదురు అడిగింది తిమ్మన్నా. నీతాన జవాబుంటే రాసి పంపు.

తర్వాత నా పిల్ల పేరు అడిగింది. మంజుల అన్న. "మంజురా" అన్నది. మల్ల చెప్పిన. మల్ల "మంజురా" అన్నది. ఆమెకు ల రాదు. పక్కనున్న ఇద్దరు ముసలోళ్లకు చెప్పింది, వాళ్లు గూడ "మంజురా, మంజురా" అన్నరు. డోలు కొట్టే మనిషికి కిందికెల్లి అరిసి చెప్పింది, ఆయన గూడ పైకెల్లి ఒకసారి అన్నడు. నోరు తిరగనోళ్లు నలుగురు నా పిల్ల పేరు పిలిచిన్రు. నోరు తిరిగిన మేనమామవు నువ్వు పిలువనంటున్నవు.

అజ్జి నా చెయ్యి పట్టి గుండ్రంల నిలబెట్టింది. నేను గుంజుకున్న. ముసల్దే గాని చెయ్యి ఇనుము. డోలు మోగింది, అందరు తిరగబట్టిన్రు. మన పీర్ల పండుగకు అలై సుట్టు తిరుగుతరు సూడు, గట్లనే గుండ్రం. నువ్వు మంజిని భుజాల మీద ఏసుకొని అలై గుంత సుట్టు ఎగిరేటోనివి. నాలుగేండ్ల పిల్ల నీ తలకాయ పట్టుకొని "ఇంకా మామా, ఇంకా" అని ఒర్లేది. గది నీకు యాదికి లేదా? నాకు అడుగులు తప్పినయి. వాళ్లు రెండడుగులు ముందలేసి ఒకటి ఎనకకేస్తరు. నేను ఎనకోళ్ల కాళ్లు తొక్కిన. తొక్కిచ్చుకున్నోళ్లే నాకు వంగి మాఫీ అడుగుతున్రు. అదొక గుస్స.

ఆ ఆట ఏందో తెలుసా? కూలిపని. ఒట్టు. గనిల బొగ్గు తీసేటోళ్ల ఆటంట. పారతోని తవ్వినట్టు రెండుసార్లు కుడిదిక్కు, రెండుసార్లు ఎడమదిక్కు. తర్వాత తట్ట ఎత్తి భుజం మీదికెల్లి ఎనకకేసినట్టు. తర్వాత బండి తోసినట్టు. ఊర్ల నేను పొద్దంత చేసి నడుము విరగ్గొట్టుకునేది, ఈళ్లు కొత్తబట్టలు కట్టి ఆడుతున్రు. నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వలే.

చేతులు కిందికి పోయినయి, తవ్వినట్టు. ఆడ ఆగిపోయిన.

మంజిని పెళ్లిగాని పిల్ల అని కాల్చలే, పూడ్సినరు. ఊరి పొలిమేర కాడ నన్ను ఆపినవు నువ్వు. "ఆడోళ్లు ఇక్కడిదాంకనే" అన్నవు. నేను వేపచెట్టుకు ఒరిగి కూసున్న. పార సప్పుడు మాత్రం వినపడ్డది. గుంత ఎంత లోతు తవ్విచ్చినవో నాకు తెల్వదు. నల్లరేగడి లోపల తడిగుండెనా, పొడిగుండెనా తెల్వదు. పిడికెడు మన్ను ఏసే భాగ్యం మొగోళ్లకే ఉంది. తొమ్మిది నెల్లు మోసినదానికి లేదు.

నా ఎనకున్నోళ్లు నాకు తగలకుండ పక్కకెల్లి పోతున్రు. ఏట్ల బండకు నీళ్లు పాయలైనట్టు పోతున్రు. పద్మ ఒచ్చి నా పక్కన నిలబడ్డది. పాపను ఎడమచంకకు ఏసుకొని, కుడిచేత్తోని తవ్వింది గాలిల. ఏడ్సుకుంట తవ్వింది. అది గూడ మన్నెయ్యలే గద అన్నా. దాన్ని సూసి నేను తవ్విన. రెండుసార్లు ఇటు, రెండుసార్లు అటు. భుజం మీదికెల్లి ఏసిన. ఆడలే నేను, తవ్విన. నువ్వు నన్ను సూడనియ్యని గుంత నేను ఈడ తవ్వుకున్న. ఎన్ని సుట్లు తిరిగిననో యాదికి లేదు. డోలు ఆగినంక గూడ చేతులు ఆగలే. అజ్జి పట్టుకొని ఆపింది.

బోనం మన్నులనే ఉండిపోయె. అజ్జి తీసి దులిపి, మంచె పక్కన బల్ల మీద పండ్లు, పూలు పెట్టిన తాన పెట్టింది. బెల్లపన్నం తలా ఇంత తిన్నరు. "శాన తియ్యగుంది" అని ఒకాయన అన్నడంట, మొగం సూస్తే అది తిట్టుడే అనిపిచ్చింది నాకు. మంజికి పెట్టిన నేను, ఇక ఏ అమ్మకూ కాదు. అమ్మతోని నా కొట్లాట అట్లనే ఉంది, ఊరికొచ్చినంక సూసుకుంట.

నా మనసు కుదుటపడ్డదని అనుకోకు. కుదుటపడలే. మరునాడు తెల్లారుజామున కావాలనే రొట్టె తట్టిన. ఆ అజ్జి మల్ల ఒచ్చి నవ్వుకుంట చెవి సూపిచ్చింది. ఆటల కలిసినమని రొట్టె మాఫ్ చెయ్యలే. నేను గూడ నవ్వుకుంట ఇంకొక రొట్టె తట్టిన. మేం ఇద్దరం గట్లనే ఉన్నం. గాని ఆమె పొద్దుగాల లేవంగనే గోడమీది బిడ్డ ఫోటోకు "లేసినవా" అంటది, పద్మ చెప్పింది. నలభై ఏండ్లకెల్లి అంటుందంట. నా పిల్ల పది నెల్లకే పత్తి గోనెల సందుల ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. సావధానంగ సదువు.

నువ్వు చెడ్డోనివని నేను అంటలే. నా మొగడు పోతే రెండేండ్ల మంజిని, పద్మను, నన్ను ఇంటికి తెచ్చుకున్నవు. మంజికి పలక కొన్నది నువ్వు. కాలేజీకి రాయచూరు బస్సెక్కిచ్చేటందుకు పొద్దున్నే పోయి రోడ్డు మీద నిలబడింది నువ్వు. అది పోయిననాడు ఎడ్లకొట్టంల దూరి గోడకు తలకాయ కొట్టుకున్నది నువ్వు, నేను సూసిన. నువ్వు ఎవరూ సూడలే అనుకున్నవు. గంత ఏడ్సినోడు మాన్వోళ్లు ఏమంటరో అని ఫోటో దాస్తడా? నాకు సమజైతలేదు. పరాయోళ్లైతే నాకింత మంట ఉండకపోవు.

ఇంటిపేరు వేరే అంటవేమో. బువ్వ ఒక్కటే గద, పద్దెనిమిదేండ్లు ఒక్క పొయ్యి మీదనే ఒండుకున్నం. లావణ్య పెళ్లి చెడుతదంటవేమో. లావణ్య నా బిడ్డే. దాని బతుకు సల్లగుండాలెనని ఈడ గూడ మొక్కుకుంటున్న. దాన్ని చేసుకునేటోళ్లు ఆ ఇంట్ల అక్క ఒకతి ఉండె, పోయింది, అన్నది ఓర్వకపోతే, రేపు లావణ్యకు జ్వరమొస్తే ఏం ఓరుస్తరు? గది ఆలోచించు. ఒదినెను గూడ ఆలోచించమను.

పెత్తరమాస నాడు నువ్వు తానం చేసి నిప్పుల మీద ఊదు ఏస్తవు. తాత పేరు పిలుస్తవు, అవ్వ పేరు, నాయిన పేరు, అమ్మ పేరు పిలుస్తవు. పిలిచినోళ్లే లోపలికొచ్చి తింటరని సిన్నప్పటికెల్లి మనకు చెప్పిన్రు. అమ్మ పేరైనంక ఆపకు. మంజుల అను. గట్టిగ అను, బయటికి వినపడాలె. దానికి పుంటికూర, జొన్నరొట్టె పెట్టు, దోసకాయ పెట్టకు, దానికి పడదు. ఫోటో తీసి తుడిసి అమ్మ పక్కన తగిలియ్యి. మొల ఆడనే ఉంది, నేను సూసే ఒచ్చిన.

పత్తికి పురుగు పడ్డదా, వానలు పడ్డయా, రాయి. లావణ్యను మందు కొట్టే తానికి పోనియ్యకు. ఒదినెకు చెప్పు, తొక్కు ఇంకింత ఎవరన్న ఒచ్చేటోళ్లుంటే పంపమని. పాప ఫోటో ఇందుల పెట్టిన.

ఉత్తరం కడకు పెద్దోళ్ల కాళ్లు మొక్కి దీవెన అడగాలె. అమ్మ ఫోటోకు, నాయిన ఫోటోకు నా తరఫున చెయ్యి ముట్టిచ్చి మొక్కు. నీ కాళ్లు మాత్రం ఇప్పుడు మొక్క. ఆ పేరు నీ నోట్లకెల్లి ఒచ్చినంక, అరుగు మీదనే, ఊరంతా సూస్తుండంగ మొక్కుత.

పిలువకపోతే, రేపు నేను సచ్చినంక నన్ను గూడ పిలువకు. నాకు పెళ్లైంది గనక పిలువొచ్చు అని నువ్వు పిలుస్తవు, తెలుసు నాకు. పిలిచినా రాను. నా పిల్లను వాకిట్ల నిలబెట్టి నేను లోపలికొచ్చి తినను తిమ్మన్నా.

నీ చెల్లె,
మంజుల తల్లి
ఈరమ్మ